గేరు మార్చేటప్పుడు క్లచ్ చప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్లచ్ చప్పుడు గురించి అడిగేవాళ్లు ముందు ఆ చప్పుడును నోటితో చేసి చూపిస్తారు. ఒకరు కీచుమంటారు, ఒకరు గరగరమంటారు. నిజానికి అదే బేరింగ్ ఒక బండిలో కీచుమనొచ్చు, ఇంకో బండిలో గరగరమనొచ్చు. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న వేరు: చప్పుడు వచ్చినప్పుడు మీ ఎడమ కాలు ఎక్కడుంది? పెడల్ మీద ఉందా, వదిలేశారా, సగంలో ఉందా? కింద ఇచ్చిన జవాబులన్నీ మాన్యువల్ గేర్ల కార్ల గురించే, అన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు నేను సొంతంగా చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. పనిముట్లు అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. బండిని చదునైన చోట, గాలి ఆడే చోట ఆపండి. హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు అడ్డు పెట్టండి. ఏసీ, పాటలు ఆపేయండి. ఏసీ కంప్రెసర్ మోతను క్లచ్ మోత అనుకుని టెన్షన్ పడినవాళ్లు చాలామందే ఉన్నారు.

ముందు ఇంజిన్ ఆపి ఉంచే పెడల్‌ను నెమ్మదిగా నాలుగైదు సార్లు తొక్కి వదలండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో, కాలు పూర్తిగా తీసేసి అర నిమిషం వినండి. ఆ తర్వాత పెడల్ మీద కాలు ఊరికే ఆనించండి, తొక్కొద్దు. తర్వాత న్యూట్రల్‌లోనే పూర్తిగా తొక్కి పట్టుకోండి. చివరగా, తొక్కి పట్టుకునే మొదటి గేరు వేసి అలాగే ఉండండి. ప్రతి దశలో చప్పుడు వచ్చిందా, పోయిందా, మారిందా అన్నది కాగితం మీద రాసుకోండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి చేస్తే ఇంకా మంచిది.

ఈ ఐదు దశలూ ఎందుకంటే, ఒక్కో దశలో తిరిగే భాగాలు వేరు. కాలు తీసేసి న్యూట్రల్‌లో ఉన్నప్పుడు ఇంజిన్‌తో పాటు ఫ్లైవీల్ (ఇంజిన్ చివర ఉండే బరువైన చక్రం), దానికి అదిమి ఉండి ఆ తిప్పుడును గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేటు, గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్, దానితో పళ్లు కలిసిన గేర్లు అన్నీ తిరుగుతూనే ఉంటాయి. పెడల్ పూర్తిగా తొక్కితే క్లచ్ ప్లేటు విడిపోతుంది, ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకటి రెండు సెకన్లు తిరిగి నెమ్మదిస్తుంది. ఇప్పుడు బరువంతా క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ మీద పడుతుంది. బండి ఆగి ఉండగా మొదటి గేరు కూడా వేస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ చక్రాలతో కలిసిపోయి పూర్తిగా ఆగుతుంది, దాని ఎదురుగా ఫ్లైవీల్ మాత్రం తిరుగుతూ ఉంటుంది. ఏది ఎప్పుడు తిరుగుతుందో తెలిస్తే చప్పుడు చేస్తున్నది ఏదో సగం తేలిపోయినట్టే.

పెడల్ తొక్కినప్పుడు గీమని మోత వస్తోంది, వదలగానే పోతోంది. ఏమై ఉంటుంది?

ఎక్కువసార్లు రిలీజ్ బేరింగే. కొందరు దీన్నే క్లచ్ బేరింగ్ అంటారు. మీరు పెడల్ తొక్కినప్పుడు ఫోర్క్ అనే లివర్ ఈ బేరింగ్‌ను ముందుకు నెడుతుంది. ఆ బేరింగ్, క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టి తిరిగే ప్రెషర్ ప్లేటు మధ్యలో ఉండే స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది. ఒకవైపు తిరగని ఫోర్క్, ఇంకోవైపు ఇంజిన్ వేగంతో తిరిగే ప్లేటు, ఈ రెండింటి మధ్య నలిగేది ఆ చిన్న బేరింగ్. లోపలి గ్రీజు ఎండిపోతే మొదట సన్నగా ఈలలా వస్తుంది, తర్వాత గరగరమంటుంది, ఆఖరికి పెడల్‌లో కూడా అదురు తెలుస్తుంది.

కాలు కొంచెం కొంచెంగా కిందికి దించుతూ వినండి. పెడల్ గట్టిబడే చోట చప్పుడు మొదలై, ఇంకా తొక్కేకొద్దీ పెరిగితే అనుమానం దాదాపు ఖాయం. పూర్తిగా తొక్కి గేరులో ఉంచినప్పుడు మాత్రమే వస్తూ, న్యూట్రల్‌లో తొక్కి కొంతసేపు పట్టుకుంటే తగ్గిపోతే, పైలట్ బేరింగ్‌ను అనుమానించాలి. అది ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను ఇంజిన్ వైపు పట్టి ఉంచే చిన్న బేరింగ్ లేదా బుష్. ఇంజిన్ వెనక చక్రాలను తిప్పే బండ్లలో ఎక్కువగా ఉంటుంది. ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పే బండ్లు చాలావాటిలో అసలుండదు. మీ బండిలో ఆ బేరింగే లేకుండా అది పోయిందని ఎవరైనా చెబితే, మీరు వేరే మెకానిక్‌ను వెతుక్కోవడం మంచిది.

నాది అటుది ఇటు. కాలు తీసేస్తే చప్పుడు, తొక్కితే మాయం. అంటే క్లచ్ బాగున్నట్టేనా?

క్లచ్ బాగుండొచ్చు, గేర్‌బాక్స్ బాగుండకపోవచ్చు. తొక్కగానే ఆగేది ఇన్‌పుట్ షాఫ్ట్ కాబట్టి, దాన్ని మోసే బేరింగ్ మొదటి ముద్దాయి. బేరింగ్ అరిగితే మోత ఒకే రకంగా, ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతూ వస్తుంది. దీనికి ముందు చూడాల్సింది గేర్ ఆయిల్ మట్టం. సీల్ దగ్గర కారి ఆయిల్ తగ్గిపోతే బేరింగులు మొరాయించడం మామూలే. త్వరగా పట్టుకుంటే నష్టం తక్కువలో పోతుంది.

మోతలా కాకుండా గింజలు గలగలలాడినట్టు ఉంటే అది వేరే కథ. న్యూట్రల్‌లో గేర్లు బరువు లేకుండా ఒకదానికొకటి తగులుతూ తిరుగుతాయి. ఇంజిన్ అదురును మింగడానికి క్లచ్ ప్లేటు మధ్యలో చిన్న స్ప్రింగులు ఉంటాయి. అవి వదులైతే ఆ అదురంతా గేర్ల పళ్ల మధ్య గలగలగా బయటపడుతుంది. కొన్ని బండ్లు కొత్తలోనే కొంచెం అలా అంటాయి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వచ్చిందా అన్నదే చూసుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పూర్తిగా తొక్కాల్సిన పని లేకుండా, కాలు ఊరికే ఆనించగానే చప్పుడు ఆగిపోతే మళ్లీ రిలీజ్ బేరింగ్ దగ్గరికే రావాలి. ఇప్పటి బండ్లలో చాలావాటికి ఆ బేరింగ్ ఎప్పుడూ స్ప్రింగు వేళ్లను తేలిగ్గా తాకుతూ తిరుగుతూనే ఉంటుంది. ఆ తాకుడు సరిగ్గా లేకపోతే పిచ్చుక అరిచినట్టు కిచకిచమంటుంది, కాలు ఆనితే బేరింగ్ గట్టిగా కూర్చుని నోరు మూసుకుంటుంది. అందుకే మూడో దశలో తొక్కొద్దు, ఆనించండి అన్నాను. ఆ దశ వదిలేస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అనుకుని గేర్‌బాక్స్ విప్పే ప్రమాదం ఉంది.

గేరు వేసేటప్పుడు కర్రుమని పళ్లు కొరికినట్టు చప్పుడొస్తోంది. ఇది క్లచ్చా, గేర్‌బాక్సా?

జనం అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఈ ప్రశ్న దగ్గరే. చప్పుడు గేర్‌బాక్స్‌లోనే వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ తప్పు క్లచ్‌ది కావొచ్చు. మీరు పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ ప్లేటు పూర్తిగా విడిపోకుండా కొంచెం అంటుకుని తిరుగుతుంటే, ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగదు. తిరుగుతున్న గేరులోకి మీరు బలవంతంగా దూరుస్తున్నట్టు అవుతుంది. రెండో అవకాశం, క్లచ్ శుభ్రంగా విడిపోతున్నా గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగు అరిగిపోయి ఉండడం.

ఒకే గేరులో, ముఖ్యంగా రెండో గేరులో, త్వరగా మార్చినప్పుడు మాత్రమే కర్రుమంటే ఆ గేరు సింక్రోను అనుమానించండి. అన్ని గేర్లూ బిగుసుగా పడుతూ, మొదటి గేరు, రివర్స్ మరీ మొండికేస్తే అది క్లచ్ విడవకపోవడం. దీన్ని తేల్చుకోవడానికి నాలుగు పరీక్షలున్నాయి.

మొదటిది, ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. ఆగి ఉన్నప్పుడు వెన్నలా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మొరాయిస్తే క్లచ్ వైపే చూడాలి.

రెండోది రివర్స్ పరీక్ష. చాలా గేర్‌బాక్సుల్లో రివర్స్‌కు సింక్రో ఉండదు. పెడల్ తొక్కి ఐదు సెకన్లు ఆగి అప్పుడు రివర్స్ వేయండి. క్లచ్ సరిగా విడిపోతే ఆ లోపు షాఫ్ట్ ఆగిపోయి గేరు మెల్లగా పడుతుంది. ఐదు సెకన్లు ఆగినా కర్రుమంటే షాఫ్ట్ ఇంకా తిరుగుతోందన్నమాట. మీ బండి రివర్స్‌కు సింక్రో ఉంటే ఈ పరీక్ష అంత గట్టిగా చెప్పదు, మాన్యువల్ పుస్తకంలో చూసుకోండి.

మూడోది, ముందూ వెనకా ఖాళీగా ఉన్న చదునైన చోట చక్రాల అడ్డు తీసి, పెడల్ పూర్తిగా తొక్కి, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ వదిలి చూడండి. కుడి కాలు బ్రేక్ దగ్గరే సిద్ధంగా ఉండాలి. పెడల్ నేలకు ఆని ఉన్నా బండి ముందుకు జరుగుతుంటే క్లచ్ పట్టుకునే ఉందని అర్థం.

నాలుగోది నాకు బాగా నచ్చినది. గేరు పడనప్పుడు పెడల్‌ను గబగబా మూడు నాలుగు సార్లు పంపు కొట్టినట్టు తొక్కి, చివరిసారి పట్టుకుని గేరు వేయండి. అప్పుడు సులువుగా పడితే, పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్‌తో క్లచ్ దాకా చేర్చే హైడ్రాలిక్ లైనులో గాలి చేరిందో, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ లేదా క్లచ్ దగ్గరి స్లేవ్ సిలిండర్ సీళ్లు పోయాయో. కొన్నిసార్లు గాలి తీసి ఫ్లూయిడ్ నింపడంతోనే సరిపోతుంది. కొత్త క్లచ్ ప్లేటు వేసినా ఈ సమస్య తీరదు. కేబుల్ క్లచ్ అయితే కేబుల్ సాగిందా, సర్దుబాటు తప్పిందా చూడాలి.

వీటికంటే ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది, సిగ్గుపడుతూనే చెబుతాను. నా బండికి ఒకసారి రెండు రోజుల పాటు మొదటి గేరు కర్రుమంటూ పడింది. ఫ్లూయిడ్ చూశాను, పంపు కొట్టాను, బండి కింద దూరాను. చివరికి చూస్తే కొత్తగా వేసిన మందపాటి మ్యాట్ పెడల్ కింద ముడుచుకుని ఉంది. పెడల్ ఆఖరి అంగుళం దిగడం లేదు. నా బండిలో క్లచ్ పూర్తిగా విడిపోయేది ఆ ఆఖరి అంగుళంలోనే.

క్లచ్ బాగానే విడిపోతోంది, ఒక్క గేరే కర్రుమంటోంది. సింక్రో అని ఎలా నిర్ధారించుకోవాలి?

రెండుసార్లు క్లచ్ తొక్కి మార్చి చూడండి. పెడల్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, పెడల్ వదిలి, మళ్లీ తొక్కి అప్పుడు తర్వాతి గేరు వేయాలి. ఇలా చేస్తే సింక్రో చేయాల్సిన పనిలో చాలా భాగం మీరే చేసినట్టు. చప్పుడు లేకుండా పడితే అనుమానం సింక్రో మీదే. పై గేరుకు వెళ్లేటప్పుడు ఈ పద్ధతి సులువు. కింది గేరుకు వచ్చేటప్పుడు మధ్యలో కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి ఇంజిన్ వేగం పెంచాల్సి ఉంటుంది.

గేర్‌బాక్స్ విప్పించే ముందు ఆయిల్ సంగతి కనుక్కోండి. ఈ మధ్య మార్చారా, ఏ గ్రేడు పోశారు? సింక్రో రింగు గట్టిగా పట్టుకోవాలి, కాబట్టి మరీ జారుడుగా ఉండే ఆయిల్ దానికి పడదు. కొన్ని జీఎల్-5 (గేర్ ఆయిల్ డబ్బా మీద రాసే గ్రేడు) ఆయిళ్లలోని రసాయనాలు ఇత్తడి రింగులకు చెరుపు చేస్తాయి కూడా. తయారీదారు జీఎల్-4 అని రాస్తే జీఎల్-4 పోయాలి. అంకె పెద్దదని మంచిదనుకోకూడదు.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గట్టిగా పడుతుంది, తర్వాత బాగుంటుంది.

ఆయిల్ చిక్కగా ఉండటం వల్ల. మొదటి కొన్ని నిమిషాల్లో పోతే వదిలేయండి.

రివర్స్‌లో వెళ్తుంటే గుయ్యిమని సాగదీసిన మోత వస్తుంది. భయపడాలా?

అక్కర్లేదు. ముందుకు వెళ్లే గేర్ల పళ్లు ఏటవాలుగా చెక్కి ఉంటాయి, అందుకే నిశ్శబ్దంగా కలుస్తాయి. చాలా బండ్లలో రివర్స్ గేరు పళ్లు తిన్నగా ఉంటాయి, ఒక్కో పన్ను ఒక్కసారిగా తగులుతుంది. ఆ మోత పుట్టుకతో వచ్చింది.

ఇంజిన్ ఆపినా పెడల్ తొక్కితే కిర్రుకిర్రుమంటోంది.

అయితే సంతోషించండి. ఏదీ తిరగనప్పుడు వచ్చే చప్పుడు తిరిగే భాగాలది కాదు. పెడల్ ఇరుసు దగ్గరి బుష్, పెడల్ స్ప్రింగు, కేబుల్, లేదా ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్ ఉండే గూడులో ఫోర్క్ ఆనే గుండు ఎండిపోయి ఉంటుంది. ఒకరిని తొక్కమని చెప్పి, మీరు పెడల్ దగ్గర ఒకసారి, బానెట్ ఎత్తి ఒకసారి చెవి పెట్టి వినండి. పెడల్ దగ్గరైతే కొంచెం గ్రీజుతో పోతుంది. ఫోర్క్ దగ్గరైతే చాలా బండ్లలో గేర్‌బాక్స్ దించాలి కాబట్టి, పెడల్ బరువెక్కనంత వరకు తర్వాత క్లచ్ మార్చే రోజుకు వాయిదా వేయొచ్చు.

బయటి నుంచి క్లచ్ లోపలికి స్ప్రే కొడితే చప్పుడు పోతుందట, నిజమేనా?

పోతుంది, దానితో పాటు క్లచ్ కూడా పోతుంది. నూనె ఒక్క చుక్క ప్లేటు మీద పడినా అది జారడమో, కదిలేటప్పుడు బండిని కుదపడమో మొదలవుతుంది. దయచేసి చేయకండి.

ఇంజిన్ ఆపేటప్పుడు, స్టార్ట్ చేసేటప్పుడు లొడలొడమని పెద్ద చప్పుడు. గేరు మార్చాక కూడా కింద ఏదో కొట్టుకుంటోంది.

మీ బండికి డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉందో లేదో కనుక్కోండి. డీజిల్ బండ్లలో బాగా వాడతారు, పెట్రోల్ బండ్లలోనూ ఉంటుంది. అది ఒకే దిమ్మలా కాకుండా రెండు భాగాలుగా ఉండి, మధ్యలో స్ప్రింగులతో ఇంజిన్ అదురును మింగుతుంది. ఆ స్ప్రింగులు అలిసిపోతే ఇంజిన్ వేగం బాగా తక్కువగా ఉన్నప్పుడు, అంటే ఆన్ అయ్యే క్షణంలో, ఆగే క్షణంలో, రెండు భాగాలూ కొట్టుకుంటాయి. దీన్ని వదిలేసి కొత్త క్లచ్ ప్లేటు మాత్రం వేస్తే చప్పుడు అలాగే ఉంటుంది. గేర్‌బాక్స్ దించినప్పుడు దాని వదులును తయారీదారు ఇచ్చిన కొలతతో పోల్చి చూడమని ముందే చెప్పండి.

క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు, తీసినప్పుడు ఒక్కసారే ఠక్కుమంటే మాత్రం ఫ్లైవీల్ కంటే ముందు ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటు రబ్బర్లు చూడాలి. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేక్, బ్రేక్ రెండూ పట్టుకుని ఒకరు మొదటి గేరులో క్లచ్ కొంచెం వదులుతుంటే, పక్కన నిలబడిన ఇంకొకరికి ఇంజిన్ ఎంత ఎగురుతోందో కనిపిస్తుంది. బండికి ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడొద్దు.

బేరింగ్ చప్పుడు మొదలైంది. ఎన్నాళ్లు నడపొచ్చు?

కిలోమీటర్లలో చెప్పలేం, తీరును బట్టి చెప్పొచ్చు. నెలల తరబడి సన్నగా ఒకే రకంగా ఉంటే ప్లాన్ చేసుకుని మార్చుకోవచ్చు. వారంలోనే పెరిగినా, పెడల్‌లో అదురు తెలిసినా, గేర్లు పడటం కష్టమైనా ఇక వాయిదా వద్దు. బేరింగ్ విరిగిపోతే ప్రెషర్ ప్లేటు వేళ్లను చెక్కేస్తుంది, దారి మధ్యలో క్లచ్ పనిచేయకుండా పోతుంది.

బేరింగ్ ఒక్కటే మారిస్తే సరిపోదా? మెకానిక్ మొత్తం సెట్ అంటున్నాడు.

ఈసారి మెకానిక్‌దే న్యాయం. బేరింగ్ మార్చాలన్నా, ప్లేటు మార్చాలన్నా గేర్‌బాక్స్ దించాల్సిందే, ఖర్చులో పెద్ద భాగం ఆ కూలీదే. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ కలిపి మార్చడమే లెక్క. ప్లేటు ఈ మధ్యే వేసి, బేరింగ్ తొందరగా పోయి ఉంటే అప్పుడు వేరు. అదే సమయంలో ఇంజిన్ వెనక ఆయిల్ సీల్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ తడిగా ఉన్నాయేమో చూడమనండి. కారే సీల్‌ను అలాగే ఉంచితే కొత్త ప్లేటు కూడా నూనెలో తడుస్తుంది. పాత బండి అయితే లోపలి దుమ్మును గాలితో ఊదొద్దని చెప్పండి. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ వాడేవారు, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం.

కొత్త క్లచ్ వేశాక చప్పుడు మొదలైంది. సెట్ అవుతుందిలే అంటున్నారు.

కొత్త ప్లేటు సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా పట్టు కొంచెం తేడాగా ఉండొచ్చు, వాసన కొంచెం రావొచ్చు. కానీ కర్రుమనడం, గీమనడం సర్దుకునే రకం కాదు. ప్లేటు తిరగేసి బిగించడం, ఫోర్క్ గుండుకు గ్రీజు పెట్టకపోవడం, లైనులో గాలి మిగిలిపోవడం, బిగించేటప్పుడు గేర్‌బాక్స్ బరువు ప్లేటు మీద వేలాడి అది వంగడం, ఇవి మామూలుగా జరిగేవే. వెంటనే తిరిగి తీసుకెళ్లండి.

నా డ్రైవింగ్ అలవాట్ల వల్లే ఇలా అయ్యిందా?

కొంత అయ్యుండొచ్చు. సిగ్నల్ దగ్గర గేరులో ఉంచి పెడల్ తొక్కి పట్టుకోవడం రిలీజ్ బేరింగ్‌ను అరగదీస్తుంది. న్యూట్రల్ వేసి కాలు తీసేస్తే దాని మీద బరువు ఉండదు. ఎత్తులో హాఫ్ క్లచ్ మీద బండిని నిలపడం ప్లేటును కాలుస్తుంది. కాలు ఎప్పుడూ పెడల్ మీదే ఆనించి నడపడం రెండింటికీ చేటే. అయితే క్లచ్ అరగడానికే ఉన్న భాగం. ఎంత బాగా నడిపినా ఏదో ఒక రోజు మార్చాల్సిందే.

నడుస్తుండగా పెడల్ ఒక్కసారిగా నేలకు అంటుకుపోయి పైకి రాలేదు. అప్పుడేం చేయాలి?

గేరు మార్చాలని చూడకండి. ఉన్న గేరులోనే యాక్సిలరేటర్ వదిలి, పక్కకు తీసుకుని, బండి దాదాపు ఆగబోతుండగా బ్రేక్ మీద కాలు ఉంచి గేరును న్యూట్రల్‌కు లాగండి. బరువు లేనప్పుడు క్లచ్ తొక్కకుండానే గేరు బయటికి వస్తుంది. రాకపోతే బ్రేక్ వేసి ఇంజిన్‌ను ఆగిపోనివ్వండి. తర్వాత బానెట్ తెరిచి ఫ్లూయిడ్ డబ్బా చూడండి. చాలా బండ్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఫ్లూయిడ్ ఒకే డబ్బా నుంచి వెళ్తుంది. క్లచ్ సిలిండర్ కారిపోయి డబ్బాలో మట్టం కిందికి దిగి ఉంటే, పెడల్‌ను చేత్తో పైకి లాగితే పనిచేస్తున్నా సరే ఆ బండిని నడపొద్దు, లాగించి తీసుకెళ్లండి. బ్రేక్ పెడల్ ఇంకా గట్టిగానే తగులుతోందని ధైర్యం చెప్పుకోవద్దు.